సీనరీ కిట్ కొన్నారా? ఈ రోజే ఒక చిటికెడు తీసి నీళ్లలో వేసి చూడండి

మోడల్ రైల్వే లేఔట్ (బల్ల మీద కట్టుకునే బుల్లి రైలు మార్గం) మీద గడ్డి, చెట్లు, పొదలు పెట్టడానికి "అన్నీ ఒకే పెట్టెలో" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న సీనరీ కిట్లు కొనాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. అలాంటి కిట్ ఒకటి నేను కొన్నాను. నాలుగు నెలలు కూర్చుని చేసిన కొండ, దాని కింద కటింగ్‌లో (కొండను తొలిచిన దారిలో) వేసిన పట్టాలు ఒక్క రాత్రిలో పాడయ్యాయి. అమ్మినవాళ్ల పేరు చెప్పను. ఇదే సరుకు వేరే వేరే పేర్లతో, వేరే వేరే పెట్టెల్లో కనిపిస్తోంది కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు. సరుకును ఎలా పట్టుకోవాలో తెలిస్తే చాలు.

నాది హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు. కిట్‌లో రెండు రంగుల గ్రౌండ్ ఫోమ్ (నేల మీద పచ్చికలా పరిచే రంగు స్పాంజి తురుము), మూడు సంచుల స్టాటిక్ గ్రాస్ (నిలబెట్టే గడ్డి పోగులు), 20 చెట్లు, కొంచెం లైకెన్ (పొదలకు వాడే నాచు లాంటిది), ఒక సంచి బాలస్ట్ (పట్టాల మధ్య పరిచే కంకర), ఒక సీసా జిగురు, గడ్డి నిలబెట్టే చిన్న అప్లికేటర్ ఉన్నాయి. పెట్టె తెరిచి చూస్తే రంగులు బాగానే ఉన్నాయి, ప్యాకింగ్ కూడా బాగుంది. తృప్తిగా మూసి అటక మీద పెట్టేశాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే. మనలో చాలామంది అదే చేస్తాం, ఎందుకంటే సీనరీ సామాను వచ్చిన రోజున వాడే పని ఉండదు. ముందు బెంచీ కట్టాలి, పట్టాలు వేయాలి, వైరింగ్ చేయాలి, బళ్లు పట్టాలు తప్పకుండా తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి, ఆ తర్వాత ప్లాస్టర్. గడ్డి దాకా వచ్చేసరికి నెలలు గడుస్తాయి. సరుకు వెనక్కి ఇచ్చే గడువేమో 15 రోజులు. ఈ కిట్లు అమ్మేవాళ్లకు కలిసివచ్చేది ఇదే.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. ఫోమ్ అతికించే పద్ధతి తెలిసిందే. నీళ్లలో ఒక చుక్క డిష్ సోప్ వేసి, ఆ నీటిని సన్నగా స్ప్రే చేసి నేలంతా తడుపుతాం. తర్వాత ఒక వంతు పీవీఏ గ్లూ (మామూలు తెల్ల జిగురు)లో రెండు మూడు వంతుల నీళ్లు కలిపి డ్రాపర్‌తో చుక్కలు చుక్కలుగా వదులుతాం. సోప్ లేకపోతే గ్లూ నీళ్లు ఉండలు కట్టి ఫోమ్‌ను పక్కకు తోసేస్తాయి. సోప్ ఉంటే లోపలికి ఇంకిపోతాయి. నేనూ ఇలాగే చేశాను, ఎన్నోసార్లు చేసిన పనే. పడుకునే ముందు చూస్తే కొండవాలు నిండుగా, పచ్చగా ఉంది.

పొద్దున లేచి చూస్తే ఫోమ్ వెలిసిపోయి ఉంది, దాని రంగంతా కిందికి కారింది. తడి ఎక్కడిదాకా పోయిందో రంగు కూడా అక్కడిదాకా పోయింది. బూడిద రంగు బాలస్ట్ పసరు పోసినట్టు అయిపోయింది. స్లీపర్ల మధ్య పచ్చటి చారలు. అంతకన్నా బాధ పెట్టింది రాతిగోడ. ప్లాస్టర్‌తో పోసి, చేత్తో చెక్కి, ఐదారు పల్చటి రంగు పూతలతో తెచ్చుకున్న రాతి వర్ణం అది. ప్లాస్టర్ తడిని పీల్చుకుంటుంది కదా, కింద చేరిన పచ్చ నీళ్లను అది రెండు అంగుళాల ఎత్తు దాకా పైకి లాగేసింది. ఆరాక అంచున ముదురు గీత మిగిలింది. దాని మీద బూడిద రంగు వేశాను. రెండు రోజుల్లో పచ్చ మళ్లీ పైకి తేలింది.

మంచి సరుకైనా మొదటిసారి తడిపినప్పుడు కాస్త రంగు వదలొచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు. ఈ ఫోమ్ సంగతి వేరు. దీనికి రంగు పట్టనేలేదు, పైన పులిమి వదిలేశారంతే. అది తేల్చుకోవడానికి తర్వాత ఒక తెల్ల కప్పులో గోరువెచ్చటి నీళ్లు పోసి, చుక్క సోప్ వేసి, చిటికెడు ఫోమ్ వేశాను. నిమిషంలోపే నీళ్లు చిక్కటి పచ్చ రంగుకు తిరిగాయి. ఈ ఒక్క నిమిషం పని నాలుగు నెలల ముందు చేసి ఉంటే పెట్టెను అలాగే వెనక్కి పంపేవాణ్ణి.

ఇదంతా అయ్యాక కిట్‌లోని మిగతావన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాను.

ఫోమ్‌నే ఇంకోలా కూడా చూడండి. వేళ్ల మధ్య గట్టిగా నలిపితే మంచి ఫోమ్ స్పాంజిలా మళ్లీ లేస్తుంది. నాకు వచ్చింది పొడైపోయింది. అలాంటి పొడి లేఔట్ మీద ఊరుకోదు, గాలికి లేచి పట్టాల మీదికి చేరుతుంది, చక్రాలకు అంటుకుంటుంది, ఇంజిన్‌కు కరెంటు సరిగ్గా అందక తడబడుతుంది. ఎండకు నిలుస్తుందా అని ఒక అట్టముక్క మీద కొంచెం ఫోమ్ అతికించి, సగం రేకుతో కప్పి, రెండు వారాలు కిటికీలో పెట్టాను. కప్పిన సగం పచ్చగానే ఉంది. కప్పని సగంలో పసుపు ఛాయ పోయి నీలం తేలింది. గడ్డి ఏ రంగులోనైనా ఉంటుంది గానీ నీలంగా మాత్రం ఉండదు.

స్టాటిక్ గ్రాస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అది సన్నటి నైలాన్ లాంటి పోగుల పొట్టు. అప్లికేటర్ జాలీకి అధిక వోల్టేజీ వస్తుంది, దాని రెండో తీగను తడి జిగురులో గుచ్చిన మేకుకు తగిలిస్తాం. జాలీకి, జిగురుకు మధ్య ఏర్పడే విద్యుత్ క్షేత్రం పోగులను నిలువుగా తిప్పి జిగురులోకి లాగుతుంది, అందుకే గడ్డి నిలబడుతుంది. విద్యుత్ ఆవేశం పట్టడానికి పోగుల మీద తయారీలోనే ఒక పూత వేస్తారు. ఆ పూత సరిగ్గా లేకపోయినా, పోగులు తేమ పట్టినా, మరీ ఎండిపోయినా ఉండలు కడతాయి, లేదా నేల మీద అడ్డంగా పడిపోతాయి. నా కిట్‌లో గడ్డి సంచి విప్పితే దూది ఉండలా ఉంది. ఎంత జల్లెడ పట్టినా విడిపోలేదు. తప్పు అప్లికేటర్‌దేమో అనుకుని, అదే అప్లికేటర్‌లో నా దగ్గర పాతది మిగిలిన గడ్డి వేసి చూశాను, కాస్తయినా లేచింది. కిట్ గడ్డిని స్నేహితుడి దగ్గరున్న మంచి అప్లికేటర్‌లో వేసి చూశాను, లేవలేదు. అంటే లోపం గడ్డిలోనే ఉంది. ఇలా అటూ ఇటూ మార్చి చూడకుండా అమ్మినవాళ్లతో వాదనకు దిగకండి, "మీకు వాడటం రాలేదు" అనేస్తారు.

సంచి మీద రాసిన పొడవును కూడా నమ్మకండి. 4 మి.మీ. అని ఉన్న సంచిలోంచి పది పోగులు తీసి స్కేల్ పక్కన పెట్టి కొలిచాను, అన్నీ దాదాపు 7 మి.మీ. ఉన్నాయి. 3 మి.మీ. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ 87తో గుణించి చూడండి. 4 మి.మీ. అంటే నిజంలో 35 సెం.మీ. గడ్డి. 7 మి.మీ. అంటే 61 సెం.మీ., మోకాలు దాటే గడ్డి. ప్లాట్‌ఫాం పక్కన దాన్ని వేస్తే ఏళ్ల తరబడి వదిలేసిన స్టేషన్‌లా ఉంటుంది. ఎన్ స్కేల్ వాళ్లకైతే 160తో గుణించాలి, ఆ పోగులే మీటరు పైన అవుతాయి.

చెట్ల దగ్గర కూడా ఇదే లెక్క. పెట్టె మీద "హెచ్‌ఓ, ఎన్ స్కేల్" అని రెండూ కలిపి రాశారు. రెండు స్కేళ్ల పేర్లు ఒకే పెట్టె మీద కనిపిస్తే అది ఏ స్కేల్‌కూ కొలిచి చేసింది కాదనే అనుకోండి. 20 చెట్లలో పెద్దది 9 సెం.మీ., ఎక్కువ భాగం 4, 5 సెం.మీ. మధ్యలో ఉన్నాయి. హెచ్‌ఓలో ప్యాసింజర్ బోగీయే 4.5 సెం.మీ. ఎత్తు దాకా ఉంటుంది. అంటే ఆ చెట్టు బోగీ కప్పు దాకానే వస్తుంది. 15 మీటర్ల మామూలు చెట్టును కొలత ప్రకారం చేస్తే 17 సెం.మీ. పైన రావాలి. చోటు చాలక మనం చెట్లను తగ్గిస్తాం, 10, 12 సెం.మీ.తో సరిపెడతాం, అది వేరు. అమ్మకం పేజీలోని ఫొటోలో మాత్రం ఆ చెట్లు బోగీకి రెండింతలు ఉన్నాయి. ఆ ఫొటో వీళ్లది కాదని నా అనుమానం. ఒకే లేఔట్ ఫొటో నాకు వేర్వేరు అమ్మకందారుల పేజీల్లో కనిపించింది. కొమ్మలను నెమ్మదిగా తడితే ఆకుల ఫోమ్ బల్ల మీద రాలిపోయింది. కాండం మెరిసే ప్లాస్టిక్, అచ్చులో మిగిలిన అంచు గీతలు కూడా తీయలేదు.

బాలస్ట్ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే దాని దెబ్బ ఇంజిన్ మీద పడుతుంది. సంచి బయటినుంచే అయస్కాంతం ఆనించి లాగండి. నా సంచిలో నల్ల రేణువులు దానితో పాటు కదిలాయి. రైలింజిన్ మోటార్‌లో అయస్కాంతం ఉంటుంది, పట్టాల మధ్య ఇనుము కలిసిన రేణువులు ఉంటే పైకి లాక్కుంటుంది, అవి గేర్లలో ఇరుక్కుంటాయి. నా పాత డీజిల్ ఇంజిన్ ఒకటి అప్పటికే గరగరమని ఆగింది. విప్పి చూస్తే గేర్ పళ్ల మధ్య ఇవే. పైగా రేణువులు 1.5 మి.మీ. దాకా ఉన్నాయి. 87తో గుణిస్తే 13 సెం.మీ., అంటే పట్టాల మధ్య కొబ్బరికాయలంత రాళ్లు పరిచినట్టు. అసలు బాలస్ట్ 5 సెం.మీ. అనుకుంటే మనకు కావలసింది అర మిల్లీమీటరు పైచిలుకు రేణువు. రాతి పొడి కాకుండా అక్రోట్ పెంకుతో చేసే బాలస్ట్ కూడా దొరుకుతుంది, అది తేలిక కాబట్టి గ్లూ వేయగానే తేలి పట్టాల మీదికి వస్తుంది. ఓపిక ఉంటే దానితో పని నడుస్తుంది, ఇనుము రేణువులతో నడవదు.

లైకెన్ సంగతి ఒక్క మాటలో: మెత్తగా ఉండాలి. గ్లిజరిన్ పట్టిన లైకెన్ వంగుతుంది, నాకు వచ్చింది అప్పడంలా విరిగింది.

జిగురు సీసా మీద ఏ వివరమూ లేదు. మూత తీస్తే థిన్నర్ వాసన. అనుమానం వచ్చి కొండకు వాడిన ఫోమ్ షీట్ (థర్మోకోల్ లాంటిది) తుంపు మీద ఒక చుక్క వేశాను, అది అక్కడికక్కడే కరిగి గుంట పడింది. సాల్వెంట్ ఉన్న జిగురు పాలీస్టైరిన్ ఫోమ్‌ను తినేస్తుంది. వాసన ఘాటుగా ఉంటే ఆ సీసా పక్కన పెట్టేసి మామూలు పీవీఏ వాడుకోండి.

అప్లికేటర్ విషయంలో మాత్రం నాకు నిజంగా భయం వేసింది. జాలీ వదులుగా ఊగుతోంది, పిడి దగ్గర ప్లాస్టిక్ పగిలి ఉంది, ఆఫ్ చేశాక ముట్టుకుంటే షాక్ కొట్టింది. వీటిలో కరెంటు స్వల్పమే అయినా ఆఫ్ చేశాక కూడా ఆవేశం మిగిలి ఉంటుంది. కాబట్టి ఎర్త్ క్లిప్‌ను (మేకుకు తగిలించే రెండో తీగ చివరను) జాలీకి తాకించి ఆవేశం పోగొట్టాకే చేయి పెట్టండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీన్ని వాడకండి. మండే స్వభావం ఉన్న స్ప్రే జిగురు కొట్టిన వెంటనే దీన్ని ఆన్ చేయకండి, చిన్న నిప్పురవ్వ చాలు. డీసీసీ (రైళ్లను డిజిటల్‌గా నడిపే) కంట్రోలర్ తీగలు లేఔట్ నుంచి విడదీయండి, ఇంజిన్లను పట్టాల మీద నుంచి తీసేయండి. ఇవన్నీ సూచనల కాగితంలో ఉండాలి. నా పెట్టెలో అసలు కాగితమే లేదు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. మొదట గ్లూ తప్పన్నారు. కప్పులో రంగు దిగుతున్న వీడియో పంపితే గడువు అయిపోయిందన్నారు. నేను ఉన్నది ఉన్నట్టు రివ్యూ రాశాక, అది తీసేస్తే కొంత డబ్బు తిరిగిస్తామన్నారు. ఒప్పుకోలేదు. అప్పుడు ఆ పేజీలోని మిగతా రివ్యూలన్నీ మళ్లీ చదివాను. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు దాదాపు అందరూ పార్సిల్ వచ్చిన రోజునే రాశారు. "ప్యాకింగ్ బాగుంది, రంగులు బాగున్నాయి, ఇంకా వాడలేదు." కొనే ముందు నేను నక్షత్రాలు లెక్కపెట్టాను గానీ ఈ మాటలు చదవలేదు. సీనరీ సామానుకు రివ్యూ చూసేటప్పుడు "అతికించాక", "ఆరాక", "ఏడాది తర్వాత" లాంటి మాటలు ఉన్నవే లెక్కలోకి తీసుకోండి. తడిపిన ఫొటో ఉంటే ఇంకా మంచిది.

ఇప్పటికే అలాంటి పెట్టె మీ ఇంట్లో ఉంటే అంతా పారేయక్కర్లేదు. ఫోమ్‌ను పాత మేజోడులో కట్టి, నీళ్లు తేటపడేదాకా మార్చి మార్చి నానబెట్టండి. ఆరాక రంగు పాలిపోతుంది గానీ ఎండుగడ్డి మధ్య కలపడానికి పనికొస్తుంది. పొడైపోయేదైతే మాత్రం వద్దు. చిన్న చెట్లను లేఔట్ వెనక అంచున, నేపథ్య చిత్రానికి ఆనించి వరుసగా పెడితే దూరపు అడవిలా కనిపిస్తాయి, నేను 11 అలా వాడాను. పొడవు గడ్డిని పోగు పోగుగా పట్టకారుతో తీసి చెరువు గట్టున రెల్లులా గుచ్చాను. బాలస్ట్, జిగురు, అప్లికేటర్ చెత్తలో వేశాను.

కొండ కింద పచ్చబడ్డ బాలస్ట్‌ను తడిపి, మెత్తబరిచి, చెంచాతో గీకి తీయడానికి మూడు ఆదివారాలు పట్టింది. రాతిగోడకు మరక పైకి రాకుండా సీలర్ రెండు పూతలు వేశాను, ఎడమ మూల ఇంకా తేలుతోంది. మూడో పూత ఇప్పుడు ఆరుతోంది. ఈసారీ పచ్చ కనిపిస్తే ఆ మూల వరకు కోసేసి కొత్త ప్లాస్టర్ పోస్తాను. కొత్త ఫోమ్ రెండు సంచులు వచ్చాయి, రెండింటిలోంచీ చిటికెడు చొప్పున తీసి కప్పుల్లో వేసి కిటికీలో పెట్టాను. ఆరు గంటలైంది, నీళ్లు తేటగానే ఉన్నాయి.