ఆరేళ్ల వాడకం తర్వాత గిట్ కమిట్-ట్రీ

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గరలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, మిర్యాలగూడ రైస్ మిల్లులకు తూకం లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌లో కోడ్ ఒక బ్రాంచిలో (విడి చరిత్ర శాఖలో), దాని నుంచి తయారయ్యే సహాయ పేజీలు మరో బ్రాంచిలో ఉంటాయి. మొదట్లో నా స్క్రిప్టు బ్రాంచి మారి, పేజీలు కమిట్ చేసి (చరిత్రలో నమోదు చేసి), తిరిగి వచ్చేది. ఒక రాత్రి ఆ మారే పనిలో ఉండగానే కరెంటు పోయింది. సగం ఒక బ్రాంచి ఫైళ్లు, సగం మరొకదానివి. తెల్లవారేదాకా వాటిని ఏరుకుంటూ కూర్చున్నాను. కమిట్-ట్రీ అనే గిట్ ఆదేశం జోలికి వెళ్లింది ఆ తర్వాతే.

తెలంగాణలో ధరణి పోర్టల్ రాకముందు వ్యవసాయ భూమి కొన్నవారికి దీని స్వభావం చప్పున అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, పేరు మార్పిడి మరో ఆఫీసులో. దస్తావేజు చేతిలోనే ఉంటుంది, పహాణీలో (భూమి రికార్డులో) మాత్రం పాత పేరే కనిపిస్తుంది. కమిట్-ట్రీ ఇచ్చేది ఆ దస్తావేజు. ఒక ట్రీ (ఫైళ్ల ఆ క్షణపు చిత్రం) సంఖ్య, ‘-పి’తో ముందరి కమిట్, ‘-ఎం’తో సందేశం ఇస్తే కొత్త కమిట్ రాసి, దాని 40 అక్షరాల గుర్తింపు సంఖ్యను, అంటే హ్యాష్‌ను, తెరపై చూపి ఊరుకుంటుంది. బ్రాంచి కదలదు, పని ఫోల్డరులో ఒక్క ఫైలూ మారదు. పహాణీలో పేరెక్కించడానికి, అంటే బ్రాంచిని ఆ కమిట్‌కు కట్టడానికి, అప్‌డేట్-రెఫ్ అనే వేరే ఆదేశం ఉంది. మామూలు గిట్ కమిట్ ఈ రెండూ ఒకేసారి చేసేస్తుంది కాబట్టి మనకు తేడా తెలియదు. పేరెక్కించడం మరిచిపోతే, రెండు వారాలు దాటాక జరిగే చెత్త ఏరివేతలో ఆ కమిట్ కొట్టుకుపోవచ్చు.

ఇప్పుడు నా స్క్రిప్టు పేజీలను తాత్కాలిక ఇండెక్సులోకి (కమిట్‌కు సిద్ధం చేసిన ఫైళ్ల జాబితాలోకి) చేర్చి, రైట్-ట్రీ అనే ఆదేశంతో ట్రీ కట్టించి, కమిట్-ట్రీకి అందిస్తుంది. ఆ సమయంలో నేను ఎడిటరులో ఏం రాసుకుంటున్నా దానికి అడ్డు లేదు. ఈ ఒక్క సుఖం కోసం మిగతావన్నీ భరిస్తున్నాను.

భరించేవి తక్కువేమీ కాదు. ఒకసారి స్క్రిప్టు సవరిస్తూ ‘-పి’ ఎగరగొట్టాను. కమిట్-ట్రీ మారుమాట లేకుండా తల్లీతండ్రీ లేని (ముందరి కమిట్ లేని) కమిట్ చేసి ఇచ్చింది, అప్‌డేట్-రెఫ్ దాన్నే బ్రాంచికి కట్టింది. రెండేళ్ల చరిత్ర స్థానంలో ఒకే ఒక్క కమిట్! సర్వర్‌కు పంపబోతే అది ఆ పుష్‌ను తోసిపుచ్చబట్టి బయటపడింది, రెఫ్‌లాగ్‌లో (బ్రాంచి కదలికల చిట్టాలో) పాత హ్యాష్ దొరకబట్టి బతికాను. అప్పటి నుంచి అప్‌డేట్-రెఫ్‌కు పాత విలువ కూడా ఇస్తున్నాను. అది సరిపోలకపోతే బ్రాంచి కదలదు. ‘-పి’ మరిచిపోవడానికి ఇది మందు కాదనుకోండి. అందుకని ముందరి కమిట్ ఖాళీగా ఉంటే స్క్రిప్టే ఆగిపోయేలా మరో వరుస రాసుకున్నాను.

సంక్రాంతి సెలవుల్లో ఇంకొకటి తెలిసింది. మార్పులేమీ లేకపోతే గిట్ కమిట్ ఊరికే వెనక్కి పంపుతుంది. కమిట్-ట్రీ మాత్రం అదే ట్రీతో రోజుకొక ఉత్త కమిట్ పేర్చుకుంటూ పోయింది. ఇప్పుడు ముందరి కమిట్ ట్రీతో పోల్చి, తేడా ఉంటేనే పిలుస్తున్నాను. కమిట్‌కు ముందు తనంతట తాను నడిచే తనిఖీ స్క్రిప్టు, ప్రీ-కమిట్ హుక్, కూడా దీనికి పట్టదు. నేను పెట్టుకున్న ఫోన్ నంబర్ల తనిఖీ నెలల తరబడి నడవనే లేదని ఆలస్యంగా గమనించాను. కమిట్‌పై డిజిటల్ సంతకం ఎల్లప్పుడూ చేయమని సెట్టింగులో పెట్టినా వినదు, పెద్ద ‘-ఎస్’ విడిగా ఇవ్వాలి.

ట్రీ, ముందరి కమిట్, పేర్లు, సందేశంతో పాటు రచయిత తేదీ, కమిటర్ తేదీ కూడా స్థిరంగా ఇస్తే ఏ కంప్యూటర్‌లోనైనా అదే హ్యాష్ వస్తుంది. ఇంట్లో, గదిలో రెండుచోట్లా నడిపి చూసుకుని, అంకె అంకె కలిసినప్పుడు ముచ్చటపడ్డాను.

చేత్తో టైప్ చేసే రోజువారీ పనికి దీన్ని ఎవరికీ చెప్పను. ‘-ఎం’ ఇవ్వకపోతే సందేశం కోసం కీబోర్డు వైపు చూస్తూ మౌనంగా నిలబడిపోతుంది. మొదటిసారి పావుగంట సేపు గిట్ పాడైందనుకుని, టీకి వెళ్లి వచ్చాను. అప్పటికీ అది అలాగే ఎదురుచూస్తోంది.