మాన్‌ఖుర్ద్ దాకా: కెమిస్ట్రీ ఒలింపియాడ్ క్యాంపుకి మావాడితో

నవంబరులో ఒక పరీక్ష, సంక్రాంతి వెళ్లాక ఇంకొకటి. రెండూ గట్టెక్కి మావాడికి ముంబైలో క్యాంపుకి పిలుపొచ్చింది. క్యాంపు జరిగే హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్, కొలాబాలో ఉన్న టాటా పరిశోధనా సంస్థ టీఐఎఫ్‌ఆర్‌దే కదా అని నేను అక్కడే హోటళ్లు వెతికాను. తీరా చూస్తే అది ఊరికి ఆ చివర, మాన్‌ఖుర్ద్‌లో, అణుశక్తి నగర్ దగ్గర. గది బుక్ చేసేముందు మ్యాప్ చూసుకోండి.

నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున ముంబై పెద్ద స్టేషన్ సీఎస్ఎంటీలో దించేసింది. అక్కడినుంచి హార్బర్ లైన్ లోకల్‌లో నేరుగా మాన్‌ఖుర్ద్ వెళ్లొచ్చు. కానీ ఆ లైన్ వడాలా దగ్గర రెండుగా చీలుతుందని మాకెవరూ చెప్పలేదు. వచ్చిన బండి ఎక్కేశాం. కింగ్స్ సర్కిల్ స్టేషన్ వచ్చాక ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మా సూట్‌కేసు చూసి, "ఎక్కడికి?" అని అడిగింది. చెబితే తల కొట్టుకుంది. అది గోరేగావ్ బండి! దిగి, వెనక్కి వడాలా వచ్చి, పన్వేల్ లోకల్ పట్టుకున్నాం. బోర్డు మీద పన్వేల్ అని ఉంటేనే ఎక్కండి. ఆ వేళలో బండి ఖాళీగానే ఉంటుంది. సామానుతో ఎనిమిదింటికి మాత్రం ఆ సాహసం వద్దు.

పిల్లలకి తిండీ పడకా క్యాంపు వాళ్లే చూసుకుంటారు. బస గోల మనదే. నేను మొదటి రాత్రికి వాశిలో ఆన్‌లైన్‌లో ఒక లాడ్జి తీసుకున్నాను. మాన్‌ఖుర్ద్ నుంచి ఒకటే స్టేషన్, క్రీక్ దాటితే చాలు. ఫొటోలో పెద్ద కిటికీ ఉంది. నిజంగానూ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగు గోడ చేతికందుతుంది. వేడినీళ్లు అడిగితే "పొద్దున ఏడు దాకానే" అన్నారు. మర్నాడు చెంబూర్‌కి మారిపోయాను. అద్దె కాస్త ఎక్కువే, గదీ చిన్నదే, కానీ దుప్పట్లు శుభ్రం. పైగా అక్కడ తమిళులు పాతకాలం నుంచీ ఉన్నారేమో, సందు తిరిగితే ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ. వడాపావ్ రెండు పూటలు బాగుంటుంది, మూడో పూటకి మన కడుపు సాంబారు అడుగుతుంది. మాన్‌ఖుర్ద్‌లోనే గది వెతుక్కోవడం నాకు నచ్చలేదు. దేవనార్ చెత్త డంప్ అటువైపే, గాలి తిరిగితే తెలిసిపోతుంది.

ఆటోవాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. మీటరు వేశారు! హైదరాబాదు నుంచి వెళ్లినదాన్ని, రెండుసార్లు తొంగి చూశాను. అయితే సీఎస్ఎంటీ వైపు ఆటోలు తిరగవు, ట్యాక్సీలే.

మావాడిని దించి మూడు రోజులున్నాను. అనవసరంగా ఉన్నానని ఇప్పుడనిపిస్తోంది. పొద్దుణ్నుంచీ రాత్రిదాకా వాళ్లకి క్లాసులు, ల్యాబులు, పరీక్షలు, మనల్ని తలుచుకునే తీరికే ఉండదు. రెండోరోజు రాత్రి ఫోన్ చేశాడు. గొంతు దిగిపోయి ఉంది. థియరీ ఫర్వాలేదట. తంటా అంతా టైట్రేషన్‌తోనట, అంటే బ్యూరెట్ అనే గాజు గొట్టంలోంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా, రంగు మారేదాకా వదిలి కొలవడం. "అమ్మా, బ్యూరెట్ నాబ్ తిప్పడం రావట్లేదు. గులాబీరంగు లేతగా రావాలి, నాది రూహ్ అఫ్జా అయిపోతోంది" అన్నాడు. రెండేళ్లు ఇంటర్ చదివాడు. రికార్డులో టైట్రేషన్ రీడింగులు చక్కగా ఉన్నాయి, అన్నీ పక్కవాడి పుస్తకంలోంచి దించినవే. కాలేజీలో ల్యాబు తాళం పబ్లిక్ పరీక్షల ముందు తీశారు. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో నలభై శాతం మార్కులు ప్రాక్టికల్‌కే. అయిదు గంటలు నిలబడి చేతులతో చేయాలి. ఈ లెక్క మాకు అడ్మిషన్ రోజున ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

రెండు వారాల తర్వాత తీసుకురావడానికి మావారు వెళ్లారు. 30 పైచిలుకు పిల్లల్లోంచి అంతర్జాతీయ ఒలింపియాడ్‌కి వెళ్లే మన దేశపు జట్టుకి నలుగురినే తీస్తారు. మావాడు ఆ నలుగురిలో లేడు. ఇంటికొచ్చి అన్నం కలుపుతుంటే చూశాను, వేళ్ల కొనలు గోధుమరంగులో ఉన్నాయి. "పర్మాంగనేట్ అమ్మా, సబ్బుకి పోదు" అని చెయ్యి చాపి చూపించాడు, గోరింటాకు పెట్టుకున్న పిల్లలా.