అన్నయ్య గిటార్ బాగుచేసిచ్చిన గవర్నర్‌పేట రిపేరు షాపు

బెజవాడలో పెడల్ స్టీల్ గిటార్ (బల్లలా నిలబెట్టి, కాలి పెడళ్ళతో స్వరం మారుస్తూ వాయించే గిటార్) వాయించేవాళ్ళం నాకు తెలిసి మేమిద్దరమే, అన్నయ్య పోయాక నేనొక్కడినే మిగిలాను. ఆయన గిటార్ వదిన నాకిచ్చింది. 10 తీగలు, 3 పెడళ్ళు, 4 మోకాలి లీవర్లు. రెండో పెడల్ తొక్కి వదిలితే స్వరం మళ్ళీ సరిగ్గా కిందికి దిగట్లేదు.

ఇలాంటిది ఎప్పుడూ చూడలేదని షాపాయన ముందే చెప్పేశారు, నాకు అదే నచ్చింది. నాలుగు రోజులు కూర్చుని, అడుగున తీగల్ని లాగే కడ్డీలు ఒక్కొక్కటే విప్పి, తుప్పు తుడిచి, చుక్క నూనె వేసి బిగించారు. ఆ పెడల్ మీద అన్నయ్య చెప్పు రాసుకుని అరిగిన మచ్చ ఉంది, అది పాలిష్ చేయొద్దండీ అంటే గుడ్డ చుట్టి మరీ పని చేశారు. 1,200 తీసుకున్నారు. తీగలు మాత్రం అక్కడ దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే.

అన్నయ్యా వాళ్ళింట్లోనే మొదటిసారి వాయించాను. వదిన స్టవ్ కట్టేసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.