చెవి ఎముకకు సీటీ మేలా, ఎమ్మారై మేలా?

చెవిలో సమస్య ఉన్నప్పుడు మామూలు బ్రెయిన్ సీటీ తీయిస్తే డబ్బూ రేడియేషనూ రెండూ వృథా. అందులో ఒక్కో స్లైస్ (అడ్డుకోత చిత్రం) సుమారు 5 మి.మీ. మందం ఉంటుంది. చెవిలోని అతి చిన్న ఎముక స్టేపిస్ ఎత్తే 3 మి.మీ. పైచిలుకు. అందుకే టెంపోరల్ ఎముకకు (చెవి భాగాలుండే పుర్రె ఎముక) హెచ్ఆర్‌సీటీ, అంటే సూక్ష్మ వివరాలు చూపే సీటీ, అడగాలి. స్లైస్ మందం 0.6 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, బోన్ ఆల్గారిథమ్‌తో (ఎముక అంచులను స్పష్టంగా చూపే చిత్ర పద్ధతి) తీయాలి, రెండు చెవులనూ విడివిడిగా చూపాలి.

పుర్రె అడుగున పగుళ్లు, చిన్న ఎముకలు అరిగిపోవడం, ఓటోస్క్లిరోసిస్ (చెవి ఎముక అసహజంగా పెరిగి స్టేపిస్ బిగుసుకుపోయే జబ్బు), పుట్టుకతో వచ్చే లోపాలు: వీటన్నిటికీ మొదటి పరీక్ష ఇదే, కాంట్రాస్ట్ (రక్తనాళంలోకి ఎక్కించే మందు) అక్కర్లేదు. పై అర్ధవృత్త నాళం (లోపలి చెవిలో శరీర సమతుల్యత చూసే గొట్టం) మీది ఎముక పలచగా ఉన్నప్పుడు మాత్రం జాగ్రత్త. స్లైస్ మందమైతే ఉన్న ఎముక కూడా లేనట్టే కనిపిస్తుంది. ఆ నాళం తలానికి సరిపడేలా చిత్రాన్ని తిరిగి అమర్చి చూశాకే రంధ్రం ఉందని రాయాలి.

సీటీ తడబడేది మెత్తని పదార్థం దగ్గర. నీరు, చీము, గ్రాన్యులేషన్ (వాపు వల్ల పెరిగే మెత్తని కండ), కొలెస్టియటోమా (మధ్య చెవిలో చర్మపు పొరలు పేరుకుని ఎముకను తినే గడ్డ) అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. ముఖ్యంగా ఆపరేషన్ అయిన చెవిలో జబ్బు మళ్లీ వచ్చిందా అన్నది సీటీ తేల్చలేదు. ఇక్కడ ఎమ్మారైదే పైచేయి, అదీ నాన్-ఈపీఐ డిఫ్యూజన్ సీక్వెన్స్ అయితేనే. డిఫ్యూజన్ అంటే నీటి అణువుల కదలికను చూపే ఎమ్మారై పద్ధతి, సీక్వెన్స్ అంటే చిత్రం తీసే తీరు, ఈపీఐ అంటే అందులో వేగంగా తీసే రకం. మామూలు ఈపీఐలో గాలీ ఎముకా కలిసే చోట చిత్రం వంకర్లు పోయి చిన్న కొలెస్టియటోమా దాగిపోతుంది. నాన్-ఈపీఐలోనూ 2-3 మి.మీ. కన్నా చిన్నవి తప్పిపోవచ్చు. గులిమి, చీముగడ్డ కూడా తెల్లగా మెరిసి మోసం చేస్తాయి కాబట్టి ముందు చెవి శుభ్రం చేయించాలి.

వినికిడి నాడి, దాని మీది కణితి ఎమ్మారైలోనే బాగా తెలుస్తాయి. కాక్లియర్ ఇంప్లాంట్‌కు (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ముందు రెండూ అవసరపడటానికి కారణం ఇదే: ఎముక ఆకారం సీటీ చెబుతుంది, నాడి ఉందో లేదో ఎమ్మారై చెబుతుంది.

కోన్ బీమ్ సీటీలో (శంకువు ఆకారపు ఎక్స్-రే కిరణంతో తీసే సీటీ) రేడియేషన్ సాధారణంగా తక్కువ, స్టేపిస్ పిస్టన్ (ఆపరేషన్‌లో స్టేపిస్ బదులు పెట్టే కృత్రిమ భాగం) లాంటి లోహపు ముక్కల చుట్టూ చిత్రం బాగుంటుంది. కానీ స్కాన్‌కు పది సెకన్ల పైనే పడుతుంది, తల కదిలితే అంతా చెడుతుంది. పసిపిల్లలకు నప్పదు. మెత్తని కణజాలానికి అసలు పనికిరాదు.

మధుమేహం ఉన్నవారికి చెవి ఇన్ఫెక్షన్ పుర్రె అడుగుకు పాకిందన్న అనుమానం వస్తే సీటీ బాగుందని ఊరుకోవడం ప్రమాదం. ఎముకలోని ఖనిజం బాగా కరిగాకే సీటీలో మార్పు తెలుస్తుంది. మజ్జలోని వాపును ఎమ్మారై ముందే పట్టిస్తుంది. టెక్నీషియం బోన్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఎక్కించి ఎముకను చూసే పరీక్ష) కూడా త్వరగా పట్టిస్తుంది గానీ, జబ్బు తగ్గాకా నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. చికిత్స ఎప్పుడు ఆపాలో తేల్చడానికి అది పనికిరాదు.

స్కాన్ చీటీలో ఏ చెవి, ఏ జబ్బు అనుమానం, ఇంతకుముందు ఏ ఆపరేషన్ అయింది, లోపల ఇంప్లాంట్ ఉందా అన్నవి రాయించుకోండి. సీక్వెన్స్ ఎంచుకునేది దాన్ని బట్టే.