సభలో కుర్చీనా, వీధిలో ఆకుపచ్చ రుమాలా?

స్త్రీల హక్కులు పైనుంచి వచ్చే చట్టంతో రావాలా, వీధి పోరాటంతో రావాలా? రెండు దేశాలు రెండు దారులు పట్టాయి. రువాండా 2003 రాజ్యాంగంలోనే నిర్ణయాలు తీసుకునే సంస్థల్లో స్త్రీలకు కనీసం 30 శాతం చోటు రాసిపెట్టింది. 2008 ఎన్నికల తర్వాత దిగువ సభలో ఆడవాళ్లే ఎక్కువమంది; ప్రపంచంలో అదే మొదటిసారి. వేగం దీని బలం. కానీ పైనుంచి వచ్చిన మార్పు పాలకులు గీసిన గీత దాటడం కష్టం.

అర్జెంటీనా దారి వేరు. 1977లో, సైనిక పాలనలో మాయమైన బిడ్డల కోసం తల్లులు తెల్ల రుమాళ్లు కట్టుకుని రాజధానిలోని మాయో కూడలిలో నిలబడ్డారు. ఆ రుమాలే తర్వాతి తరం ఆడవాళ్ల చేతిలో ఆకుపచ్చగా మారి, గర్భస్రావ హక్కు పోరాటానికి గుర్తయింది. గర్భస్రావ హక్కు బిల్లును 2018లో సెనేట్ తోసిపుచ్చినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. 2020 డిసెంబరు 30న, 14 వారాల వరకు అనుమతించే చట్టం సాధించారు. ఆలస్యమే, ఈలోగా ఎందరు నలిగిపోయారో! అయినా నా మొగ్గు ఇటే. ఆ చట్టాన్ని ఎవరూ దానంగా ఇవ్వలేదు.