మా చింటుగాడి షుగర్‌కి చూపించిన క్లినిక్

మా పిల్లి చింటుగాడికి 11 ఏళ్లు. ఊరికే నీళ్లు తాగడం, లిట్టర్ ట్రేలో ఇసుకంతా ఉచ్చకి తడిసి ముద్దలు ముద్దలు, తినేది తింటూనే చిక్కిపోవడం, పైగా వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి నడుస్తున్నాడు. ముందు చూపించిన చోట వయసైపోయిందండీ అంతే అని పంపించేశారు. తర్వాత మల్కాజ్‌గిరిలో ఈ క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు ఆ నడక చూసే షుగరేమో అన్నారు, కానీ పిల్లులకి భయానికి కూడా షుగర్ పెరుగుతుందట, అందుకే ఒక్క రీడింగ్ నమ్మకుండా గత కొన్ని వారాల సగటు షుగర్ చెప్పే ఫ్రక్టోసమిన్ టెస్ట్ కూడా రాశారు. నాకు బాగా నచ్చింది ఏంటంటే చెవి అంచున గుచ్చి ఇంట్లోనే షుగర్ చూసుకోవడం, 12 గంటలకోసారి ఇన్సులిన్ ఇవ్వడం నా చేతే చేయించారు. మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కి ఎర్ర మూత సిరంజీ, 100 ఉండేదానికి ఆరెంజ్ మూత, మార్చేస్తే డోసు తారుమారే అని మూడుసార్లు చెప్పారు (మా అత్తయ్యకీ షుగరే, ఫ్రిజ్‌లో ఇద్దరివీ పక్కపక్కనే ఉంటాయి మరి). డ్రై ఫుడ్ మెల్లగా మాన్పించి వెట్ ఫుడ్‌కి మార్పించారు, ఖర్చు మాత్రం అడక్కండి. ఇంకో మైనస్, కుక్కలకీ పిల్లులకీ ఒకటే వెయిటింగ్ రూమ్, ఆదివారమైతే గంట పైనే, బుట్టలో వీడి అరుపులు వినాలి. నెలన్నర అయింది, నిన్న మళ్లీ సోఫా ఎక్కాడు.