కమాన్ల బండి, కాయిళ్ల బండి: రెండు టకోమాలతో అరిజోనా మట్టి రోడ్ల మీద

మా ఇంటి ముందు రెండు టొయోటా టకోమా పికప్పులు ఉంటాయి. ఒకటి 2011 మోడల్, 2013లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండోది 2024 మోడల్, అదే ఏడాది ఆగస్టులో కొత్తగా తీసుకున్నాను. రెండూ టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ ట్రిమ్మే (మట్టి, రాళ్ల దారుల కోసం చేసిన రకం), రెండూ ఫోర్ బై ఫోర్, రెండూ నాలుగు తలుపుల క్యాబ్. పాతది 1,71,000 మైళ్లు దాటింది. కొత్తది 26,000 దగ్గరుంది. పాతదాన్ని అమ్మేద్దామని రెండుసార్లు కడిగి, ఫొటోలు కూడా తీశాను. ఆ ఫొటోలు ఇప్పటికీ ఫోన్‌లోనే ఉన్నాయి.

ఇంజన్ గురించి, స్క్రీన్ గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పాతదాంట్లో 4.0 లీటర్ల వీ6, 236 హార్స్ పవర్. కొత్తదాంట్లో 2.4 లీటర్ల టర్బో, 278. అంతటితో ఆ సంగతి వదిలేస్తాను. నాకు పన్నెండేళ్లుగా నడుము మీద తెలిసింది సస్పెన్షన్, అంటే చక్రాలకీ బండికీ మధ్య ఉండి అదురు మింగే ఏర్పాటు. అదే రాస్తాను.

ముందు చక్రాల దగ్గర రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండూ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టుకునే రెండు చేతులు), కాయిల్ స్ప్రింగ్. అసలు మార్పంతా వెనకే. పాతదానికి వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన వంపు ఇనుప పట్టీలు. కొత్తదానికి వెనక కూడా కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ని పట్టుకోవడానికి విడిగా లింకులు. 2024లో టకోమా కొత్త తరం వచ్చినప్పుడు ఎక్కువ ట్రిమ్ములకి ఈ మార్పు చేశారు. అన్నిటికంటే కింది రకాల్లో మాత్రం ఇంకా కమాన్లే ఉంచారు. కాబట్టి కొత్త టకోమా అనగానే కాయిల్ అనుకోకండి, కొనేముందు వంగి చూసుకోండి.

వంగి చూడటం అంటే మా బాబాయే గుర్తొస్తాడు. 2024 డిసెంబర్లో నందిగామ నుంచి వచ్చి మా దగ్గర మూడు నెలలున్నాడు. నలభై ఏళ్లు లారీలతోనే బతికిన మనిషి. కొత్త బండి చూపిస్తే సీట్లూ స్క్రీనూ ఏవీ పట్టించుకోలేదు. పంచె ఎగ్గట్టి వెనక టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏంట్రా, దీనికి కమాన్లేవి?"

"ఉండవు బాబాయ్. స్ప్రింగులే."

"స్ప్రింగులు కారుకి కదరా. ఇది లోడెట్టా ఆపుద్ది?"

ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఎనిమిది నెలల తర్వాత వినాయక చవితికి దొరికింది, అది తర్వాత చెప్తాను.

చిన్నప్పుడు బాబాయితో విజయవాడ ఆటోనగర్ వెళ్తే కమాన్ల షెడ్డు దగ్గరే పూటంతా గడిచేది. కట్ట విప్పి, చప్పబడిపోయిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెప్పించేవాళ్లు. లోడు ఎక్కువేసే లారీకి అదనంగా ఓ పట్టీ వేసేవాళ్లు. ఇక్కడ పికప్పులవాళ్లు "యాడ్ ఎ లీఫ్" అని డబ్బాలో పెట్టి అమ్మే సరుకు అచ్చంగా అదే. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు.

కమాను రెండు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పక్కకీ జరక్కుండా పట్టుకుంటుంది. రెండో పని కోసం అది కొంత బిర్రుగా ఉండక తప్పదు. పైగా పట్టీకి పట్టీ రాసుకుంటూ ఉంటాయి. పెద్ద గుంట తగిలితే పట్టీలు కదులుతాయి. చిన్న చిన్న అదురులకి ఆ రాపిడిని దాటి కదలవు, యాక్సిల్ మొత్తం ఎగురుతుంది, దాంతోపాటు మనమూ. కాయిల్‌కి బరువు మోయడం ఒక్కటే పని, పట్టుకునే పని లింకులది. అందుకే దాన్ని మెత్తగా చేసుకునే వీలుంది. నాకు తెలిసి ఈ రెండు బళ్ల మధ్య తేడా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అది తెలియాలంటే వాష్‌బోర్డు రోడ్డెక్కాలి. అంటే మట్టి రోడ్డు మీద అడ్డంగా రేకుల కప్పులా వరసగా లేచే అలలు. గ్రాండ్ కెన్యన్ ఉత్తరం వైపు టొరోవీప్ అనే చోటుంది. ఫ్రెడోనియా అనే ఊరు దాటాక 389 హైవే నుంచి ఎడమకి తిరిగితే 61 మైళ్ల మట్టి రోడ్డు. మధ్యలో పెట్రోలు లేదు, నీళ్లు లేవు, ఫోన్ సిగ్నల్ లేదు. చివరి మైళ్లు రాళ్ల మెట్లు. ఆ చివర నిలబడితే కాళ్ల కింద మూడు వేల అడుగుల లోతున కొలరాడో నది. టైర్లు పంక్చరు కావడానికి పేరుపడ్డ రోడ్డది.

2017లో పాత బండితో వెళ్లాం. గంటకి 20 మైళ్ల వేగంలో పళ్లు కొట్టుకుంటాయి. 38 దాకా పోనిస్తే అలల నెత్తిన తేలినట్టు ఉండి అదురు తగ్గుతుంది, కానీ అప్పుడు వెనక టైర్లు నేలకి సగం సేపే తగులుతుంటాయి. ఒక మెత్తటి మలుపులో వెనక భాగం తనంతట తాను పక్కకి నడిచింది. బ్రేక్ వెయ్యకుండా స్టీరింగ్ తిప్పి సర్దుకున్నాను. పక్కన మా ఆవిడ ఏమీ అనలేదు, పై హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి మాత్రం మళ్లీ హైవే ఎక్కేదాకా వదల్లేదు. తప్పు బండిది కాదు, ఖాళీ బండిని ఆ వేగంలో తోలిన నాది. మూడు గంటల పది నిమిషాలు పట్టింది. గ్లవ్ బాక్స్ తలుపు మరమేకు ఒకటి ఊడి కింద పడింది.

2025 ఏప్రిల్లో అదే రోడ్డుకి కొత్త బండితో వెళ్లాం. అవే అలలు, వాటి మీద 35 మైళ్ల వేగం. అదురు ఉంది, లేదనను. కానీ అది సీటు కిందే ఆగిపోతోంది, వెన్నులోకి రావడం లేదు. మలుపుల్లో వెనక భాగం గీత మీద నడిచినట్టు వచ్చింది. కప్పులో టీ తొణికింది కానీ ఒలకలేదు. రెండు గంటల ఇరవై నిమిషాలకి చేరాం. మా ఆవిడ నలభయ్యో మైలు దగ్గర నిద్రపోయింది. ఈ సమీక్షలో ఇంతకంటే బలమైన సాక్ష్యం నా దగ్గర లేదు.

స్ప్రింగుల ఊగుడిని అదుపు చేసే షాక్స్ కూడా ఇందులో సగం పుణ్యం కట్టుకున్నాయి. రెండు బళ్లకీ కంపెనీ వేసినవి బిల్‌స్టీన్ బ్రాండు షాక్సే. కొత్తదానికి వెనకవాటికి విడిగా ఆయిల్ డబ్బా ఉంటుంది. గంటసేపు వాష్‌బోర్డు మీద పరిగెత్తితే షాక్ లోపలి ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది, పట్టు తగ్గుతుంది. పాత బండిలో రెండో గంట ఎప్పుడూ మొదటి గంటకంటే అధ్వాన్నంగా ఉండేది. 92,000 మైళ్ల దగ్గర నాలుగూ మార్చాక కొంత నయమైంది. కొత్తదాంట్లో మొదటి గంటకీ రెండో గంటకీ తేడా నాకు తెలియలేదు.

ఇక్కడొక మాట చెప్పకపోతే అన్యాయం. టైర్లలో గాలి తగ్గించకుండా సస్పెన్షన్ గురించి మాట్లాడటం దండగ. మొదటి నాలుగేళ్లు నేను హైవే గాలితోనే మట్టి రోడ్లు తిరిగి కమాన్లని తిట్టుకున్నాను. ఓ రోజు దారిలో ఆగిన ఒక పెద్దాయన నా టైరుని కాలితో తన్ని చూసి, 20 పీఎస్‌ఐకి దించమన్నాడు. దించాక అది వేరే బండి. కొత్త ట్రక్కు కోసం వేలకి వేల డాలర్లు పోసేముందు గాలి కొలిచే గేజీ, చిన్న కంప్రెసరు కొనుక్కోండి. మట్టి రోడ్డు దిగి తారు రోడ్డెక్కేటప్పుడు మళ్లీ గాలి నింపడం మాత్రం మరవద్దు.

రాళ్ల మీద నెమ్మదిగా ఎక్కే దగ్గర మాత్రం నేను అనుకున్నంత తేడా లేదు. సెడోనా పక్కన ష్నెబ్లీ హిల్ రోడ్డు ఉంది. రోడ్డని పేరే, నిజానికి బండరాళ్ల గుట్ట. నడక వేగంలో వెళ్లేటప్పుడు పాత కమాన్లు హాయిగా వంగుతాయి. ఒక చక్రం గుంటలో, ఒక చక్రం రాయి మీద ఉన్నా వెనక రెండు చక్రాల్నీ కలిపి ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాక్ వేస్తే మెల్లగా దాటేస్తుంది. కొత్తదాంట్లో ముందు రెండు చక్రాల్నీ కలిపి ఉంచే కడ్డీని, అంటే యాంటీ రోల్ బార్‌ని, బటన్‌తో విడదీసే ఏర్పాటు ఉంది. అది నొక్కితే ముందు చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పైకీ కిందికీ కదులుతాయి, తల ఇటూ అటూ కొట్టుకోవడం బాగా తగ్గుతుంది. ఒళ్లు అలవదు. కానీ పాతది ఎక్కలేని చోటు కొత్తది ఎక్కిందా అంటే, నేను తిరిగే దారుల్లో అలాంటిది ఒక్కటీ లేదు.

స్టీరింగ్ విషయంలో నా ఓటు పాతదానికే. దానిది హైడ్రాలిక్, కొత్తది ఎలక్ట్రిక్. పాతదాంట్లో ముందు టైరు ఏ రాయిని తాకిందో అరచేతికి తెలుస్తుంది. కొత్తదాంట్లో తిప్పడం తేలిక, పార్కింగ్‌లో స్వర్గం, కానీ కింద ఏం జరుగుతోందో కబురు అందదు.

కబురు అందకపోవడం వల్లే ఒకసారి బోల్తా కొట్టాల్సినంత పని చేశాను. ఐ-17 హైవే పక్కన బ్లడీ బేసిన్ రోడ్డులో వాగులు దాటే చోట రోడ్డు ఒక్కసారి కిందికి దిగి పైకి లేస్తుంది. పాత బండి అయితే ఆ రోడ్డు మీద పాతిక దాటనివ్వదు, నడుమే వద్దంటుంది. కొత్తది ఎంత నున్నగా పోతోందంటే, నేను 45లో ఉన్నానని దిగువ కనిపించాక గానీ చూసుకోలేదు. ముందు భాగం అడుగంటా నొక్కుకుని బంప్ స్టాప్ (స్ప్రింగు ఇక నొక్కుకోకుండా ఆపే దిమ్మ) మీద ధన్‌మని పడింది. వెనక ఉన్న ఐస్ పెట్టె గాల్లోకి లేచి మూత తెరుచుకుని, పులిహోర డబ్బాతో సహా బండి అంతా చిందింది. ఎవరికీ ఏమీ కాలేదు, బండికీ కాలేదు. ఆ తర్వాత మట్టి రోడ్డు మీద స్పీడోమీటరు చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. పాతదాంట్లో ఆ అవసరమే రాలేదు.

ఇక లోడు. పోయిన వినాయక చవితికి మా వాళ్లంతా కలిసి మండపం వేశారు. పికప్ ఉన్న పాపానికి సామాను నా వంతు. ప్లైవుడ్డు, ఇనుప గొట్టాలు, జనరేటరు, స్పీకర్లు అన్నీ కలిపి తొమ్మిది వందల పౌండ్ల దాకా ఉంటుంది. డోరు దగ్గర స్టిక్కర్లో రాసిన పరిమితి లోపలే. కొత్త బండిలో వేశాం. టేపు పెట్టి కొలిస్తే వెనక చక్రం పైన అంచు రెండున్నర అంగుళాలు దిగింది. రాత్రి నడుపుతుంటే హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి, ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొడుతున్నారు. నిమజ్జనం అయ్యాక అదే సామాను పాత బండిలో వేసి తిరిగి తెచ్చాను. అంగుళంన్నర కూడా దిగలేదు. పైగా ఖాళీగా ఉన్నప్పుడు మేకపిల్లలా గెంతే బండి, లోడు పడేసరికి పెళ్లికొడుకులా నడిచింది. ఆ రాత్రే బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "నే చెప్పలా," అన్నాడు. ఫోన్లో నవ్వు వినిపించింది.

ఇందులో ఏదీ లోపం కాదు. మెత్తటి స్ప్రింగు బరువుకి ఎక్కువ దిగుతుంది, అంతే. స్ప్రింగు లోపల పెట్టుకునే గాలి సంచులు దొరుకుతాయి, వాటితో సరిచేసుకోవచ్చు. నేను పెట్టలేదు, పక్కనే పాత బండి ఉండగా ఎందుకని. మీరు రోజూ ఇటుకలో, గ్రావెలో, పనిముట్లో మోసేవాళ్లయితే మాత్రం కాయిల్ చూసి మోజుపడకండి. శనాదివారాలు గుడారం, ఐస్ పెట్టె, ఇద్దరు పిల్లలతో అడవికి పోయేవాళ్లయితే కమాన్ల బండి కొని నడుము పాడుచేసుకోనక్కర్లేదు.

హైవే గురించి ఎక్కువ రాయను. కాంక్రీటు పలకల అతుకుల మీద పాతది టక్ టక్ మని ఎగురుతుంది, కొత్తది ఎగరదు. బ్రేక్ వేస్తే పాతదాని మూతి బాగా కిందికి వంగుతుంది, కొత్తది తక్కువ. ఎనిమిది గంటలు నడిపి దిగాక తేడా మోకాళ్లు చెప్తాయి.

మరమ్మతు సంగతికొస్తే, కొత్తదాన్ని 26,000 మైళ్లకే తీర్పు చెప్పలేను. లింకులు ఎక్కువ కాబట్టి వాటి అతుకుల్లో ఉండే రబ్బరు బుష్‌లూ ఎక్కువ. పాతదాంట్లో ఏం చెడినా పడుకుని చూస్తే కనిపిస్తుంది. బాబాయి వెళ్లేముందు రోజు దాని కింద దూరి నన్నూ రమ్మన్నాడు. కమాన్ ముందు కంటి దగ్గర, అంటే పట్టీ చివర చుట్టిన రింగు దగ్గర టార్చి వేశాడు. బుష్ ఒక పక్క పూర్తిగా నలిగిపోయి, రెండో పక్క ఇనుముకీ రబ్బరుకీ మధ్య సన్నటి సందు. ఆ సందులోంచి వెలుతురు అవతలికి పోతోంది. పట్టీల చివర రాపిడికి అద్దంలా మెరిసిన మచ్చలు. రెండేళ్లుగా స్పీడ్ బ్రేకర్ దగ్గర కిర్రుమనే చప్పుడు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. ఆ చప్పుడుకి ఒక షాపువాళ్లు షాక్స్ మార్చాలని ఎనిమిది వందల డాలర్లు చెప్పి ఉన్నారు. బుష్‌ల సెట్టు వంద లోపే వచ్చింది.

ఆ సెట్టు వచ్చి ఏడాది అవుతోంది. డబ్బా గ్యారేజీలో షెల్ఫ్ మీదే ఉంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో బాబాయి పిల్లల్ని పలకరించి, నా వైపు తిరిగి అడిగే మొదటి మాట అదే. ఈ శనివారం మారుస్తానని చెప్పాను.